కారుకు మేలుకట్టు

ప్రత్యేక సంచికకు ఒక వ్యాసం రాసి ఇమ్మని కార్యదర్శిగారు కబురు చేశారు. పింఛను సవరణల గురించి, వైద్య పథకం గురించి నాకంటే బాగా రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను వేరే సంగతి ఎత్తుకుంటున్నాను.

మన సభ్యులలో చాలామంది ఇళ్ల ముందు ఒక పాత కారు ఉంటుంది. కొందరిది గ్రాట్యుటీ డబ్బుతో కొన్నది. కొందరిది పిల్లలు విదేశాలకు వెళుతూ వదిలి వెళ్లినది. ఇంజను బాగానే ఉంటుంది, బ్రేకులు బాగానే ఉంటాయి. కాని లోపలి పైకప్పు గుడ్డ ఊడి, జోలెలాగా వేలాడి, నెత్తికి తగులుతుంటుంది. మన మెకానిక్కులు దీనిని రూఫ్ లైనింగ్ అంటారు, టాప్ లైనింగ్ అని కూడా అంటారు. అది జారడం చూసి ఇంట్లోవాళ్లు "ఇక దీని పని అయిపోయింది, అమ్మేయండి" అంటారు. కారు పని అయిపోయిందా, లేక గుడ్డ పని మాత్రమే అయిపోయిందా అన్నది తెలియాలంటే ఆ గుడ్డ చరిత్ర కొంచెం తెలియాలి.

మేలుకట్టు ఎందుకు

మన భాషలో దీనికి చక్కని మాట ఉంది. దేవుడి మండపంలో, పెళ్లి పందిట్లో పైన కట్టే గుడ్డను మేలుకట్టు అంటాం. చాందినీ అన్నా అదే. పాత పెంకుటిళ్లలో పైనుంచి దుమ్ము, పురుగు పడకుండా మంచం మీదుగా గుడ్డ కట్టడం మన చిన్నతనంలో చూసినదే. కారు లోపలి గుడ్డ కూడా మేలుకట్టే.

కారు పైకప్పు పలుచని ఉక్కు రేకు. మే నెల ఎండలో హైదరాబాదులో నిలిపిన కారు రేకు మీద చెయ్యి పెట్టలేం. ఆ వేడి నేరుగా నెత్తిమీదికి రాకుండా గుడ్డ, దానికీ రేకుకూ మధ్య ఉన్న గాలి అడ్డుపడతాయి. వాన పడినప్పుడు, గతుకుల రోడ్డు మీద వెళ్లినప్పుడు రేకు డప్పులాగా మోగకుండా కూడా అదే కాపాడుతుంది. లైటు తీగలు, రేకు అతుకులు కనపడకుండా దాచేదీ అదే. అంటే ఇది కేవలం అలంకారం కాదు.

బగ్గీల నుంచి ఉక్కు కప్పు దాకా

మోటారు బండ్లు రాకముందు బగ్గీలకు, కోచ్ బండ్లకు కర్ర చట్రం మీద తోలు గాని, మందపు గుడ్డ గాని బిగించి, లోపల మెత్తని గుడ్డ కొట్టేవారు. మొదటి కార్ల బాడీలు చేసినవారూ ఆ బగ్గీలు చేసినవారే. మన నగరంలో దీనికి గొప్ప సాక్ష్యం ఉంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఇంగ్లండులో ఒక రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు పురమాయించారు. 1911లో ఆయన కాలం చేశారు. కారు 1912లో తయారై, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఉత్సవాలకు వాడుకలోకి వచ్చింది. పసుపు రంగు కారు, లోపల సింహాసనంలాంటి ఎత్తైన ఆసనం. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. అక్కడే పాత బగ్గీలు కూడా ఉన్నాయి. మనుమలను తీసుకువెళ్లినప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడమనండి. కారు బగ్గీకి తమ్ముడని వాళ్లకే అర్థమవుతుంది.

1930ల మధ్య దాకా మూసిన కార్లకు కూడా పైకప్పు మధ్యభాగం పూర్తి ఉక్కు కాదు. కర్ర పట్టీల మీద రంగు పూసిన గుడ్డ బిగించేవారు. అంత వెడల్పు రేకును తయారుచేయడం, అచ్చులో నొక్కడం అప్పటికి అలవాటు కాలేదు. అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ 1935 మోడళ్లలో ఒకే రేకు పైకప్పును పెద్ద ఎత్తున తెచ్చింది. తరువాత అందరూ అదే దారి పట్టారు. కర్ర పోయింది. మేకు కొట్టి గుడ్డ బిగించడానికి ఆధారం కూడా పోయింది. అప్పుడు కడ్డీల పద్ధతి స్థిరపడింది.

అంబాసిడర్, ఫియట్ల కాలం

మన తరం ఎరిగిన కార్లు రెండే అనవచ్చు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివరినుంచి 2014 దాకా చేసిన అంబాసిడర్ ఒకటి. బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ చేసిన ఫియట్ రెండోది. 1964లో వచ్చిన ఫియట్ 1100 డిలైట్ తరువాత ప్రీమియర్ పద్మిని పేరుతో 2000 ప్రాంతం దాకా నడిచింది. ఈ రెండింటికీ మేలుకట్టు కుట్టుపనితోనే తయారయ్యేది.

పద్ధతి ఇది. రెక్సిన్‌ను గాని, గుడ్డను గాని పైకప్పు వెడల్పుకు ముక్కలు కోసి, అడ్డంగా కలిపి కుడతారు. ప్రతి అతుకు వెనుక లంగా బొందుకు పెట్టినట్లు ఒక గొట్టం కుడతారు. ఆ గొట్టంలో విల్లులాగా వంచిన ఇనుప కడ్డీ దూరుతుంది. కడ్డీ రెండు కొసలు కారు పక్క పట్టీలలోని రంధ్రాలలో నిలబడతాయి. ఇలాంటివి నాలుగైదు. తరువాత అంచులను నాలుగు వైపులా లాగి, జిగురు రాసి, పట్టీల కింద అదుముతారు. ముందు, వెనుక అద్దాల రబ్బరు బీడింగు కింద మిగిలిన అంచు దాగుతుంది. చూడబోతే గుడారం కట్టడమే.

ఇందులో చెడిపోయేవి మూడే. కుట్టు తెగడం, అంచు జిగురు వదలడం, కడ్డీ తుప్పు పట్టి గుడ్డను కోయడం. మూడింటికీ సూది, దారం, జిగురు, కాస్త ఇసుక కాగితం చాలు. పాత గుడ్డ విప్పితే అదే కొత్త గుడ్డకు కొలత. జాకెట్టుకు ఆది జాకెట్టు ఇచ్చినట్లే.

ఫైళ్లలో రూఫ్ లైనింగ్

నేను పంజగుట్ట దగ్గరలోని ఒక ఇంజనీరింగు కార్యాలయంలో చాలాకాలం వాహనాల సీటు చూశాను. లాగ్ బుక్కులు, పెట్రోలు బిల్లులు, మరమ్మతు అంచనాలు అన్నీ నా బల్ల మీదుగానే పోయేవి. మూడు కొటేషన్లు తెప్పించడం, తక్కువ ధరకు మంజూరు పెట్టడం, బిల్లు పాస్ చేయించడం మీ అందరికీ తెలిసిన తతంగమే. ఇంజను, క్లచ్, టైర్ల తరువాత ఆ అంచనాలలో తరచు కనిపించిన పద్దు "సీట్లు, రూఫ్ లైనింగ్".

ఒకసారి ఆడిట్ వారు ఒకే అంబాసిడర్‌కు రెండేళ్లలో రెండుసార్లు లైనింగు ఎందుకు వేయించారని అభ్యంతరం పెట్టారు. జవాబు రాయడానికి కారు దగ్గరకు వెళ్లి చూడవలసి వచ్చింది. వెనుక అద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఎండి పగిలింది. ప్రతి వానకూ నీరు అక్కడినుంచి లోపలికి పాకి అంచు జిగురును వదిలిస్తోంది. రబ్బరు మార్చకుండా గుడ్డ ఎన్నిసార్లు వేసినా ఫలితం ఉండదు. "మూలకారణం బీడింగు లోపము, దానిని మార్చిన పిదప పునరావృతము కాలేదు" అని జవాబు పంపాం. అభ్యంతరం తీసేశారు. ఈ సూత్రం ఇప్పటికీ అంతే. గుడ్డ జారితే ముందు నీరు ఎక్కడినుంచి వస్తున్నదో, లేదా అసలు వస్తున్నదో లేదో చూడాలి.

అమీర్‌పేట చేతులు

ఈ పని చేసేవారి బోర్డు మీద సాధారణంగా "కుషన్ వర్క్స్" అని ఉంటుంది. ఆటోల రెక్సిన్ టాపులు కుట్టేవారు, స్కూటరు సీట్లకు కవర్లు వేసేవారు, కారు సీట్లు చేసేవారు వేరువేరు మనుషులు కారు. ఒకే మిషను మీద అన్నీ కుట్టేవారు. సరుకుకు రాణిగంజ్ వెళ్లి వచ్చేవారు. అమీర్‌పేటకు ఆనుకుని ఉన్న సనత్‌నగర్‌లో 1942లో స్థాపించిన ఆల్విన్ కర్మాగారం ఉండేది. ఫ్రిజ్‌లు, బీరువాలతోపాటు ఆర్టీసీ బస్సులకు అక్కడ బాడీలు కట్టేవారు. బాడీ కట్టడమంటే రేకుపని, వడ్రంగం, కుట్టుపని మూడూ ఒకచోట చేరడమే. ఆ కర్మాగారం ఇప్పుడు లేదు, ఒక బస్టాపు పేరుగా మిగిలింది.

అమీర్‌పేట కూడా ఎంతో మారింది. సత్యం థియేటరు ఉన్నచోట 2023లో కొత్త మాల్ వచ్చింది. మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ కోచింగు బోర్డులు ఇళ్లను కప్పేశాయి. 2017 నవంబరులో మెట్రో మొదలైనప్పటినుంచి అమీర్‌పేట రెండు దారులు కలిసే పెద్ద స్టేషను అయింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముఖం మీద ఉన్న చిన్న దుకాణాలు కొన్ని పోయాయి, కొన్ని లోపలి సందుల్లోకి జరిగాయి. పంజగుట్ట వైపు మాత్రం అద్దాల తలుపులున్న కారు డెకార్ దుకాణాలు కనిపిస్తాయి. వాటిలో తయారై వచ్చిన సీటు కవర్లు, మ్యాట్లు అమ్ముతారు. పైకప్పు గుడ్డ అంటే చాలాచోట్ల తల అడ్డంగా ఊపుతారు. వారిని తప్పుపట్టడానికి లేదు. ఈలోగా కార్ల తయారీయే మారిపోయింది.

కుట్టు పోయి జిగురు వచ్చింది

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. 1991లో ఆర్థిక సంస్కరణలు, 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సుల ఎత్తివేత జరిగాయి. ఆ దశాబ్దం గడిచేలోపల మన రోడ్ల మీదికి రకరకాల కొత్త కార్లు దిగాయి. విదేశాల్లో అప్పటికే వాడుకలో ఉన్న కొత్త రకం పైకప్పు వాటితోపాటు ఇక్కడికీ వచ్చింది.

ఇందులో కడ్డీలు లేవు, కుట్టు లేదు. పైకప్పు ఆకారానికి అచ్చుపోసిన గట్టి అట్ట ఒకటి ఉంటుంది. దాని మీద పలుచని నురుగు పొర, అంటే ఫోమ్, అతికించిన గుడ్డను జిగురుతో పరుస్తారు. ఫ్యాక్టరీలో దానిని ఒక్కసారిగా ఎత్తి బిగించేయవచ్చు. మనిషి శ్రమ తక్కువ, ఖర్చు తక్కువ, చూపుకు నున్నగా ఉంటుంది.

ఈ ఫోమ్ పేరు పాలీయురేథేన్. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ అనే శాస్త్రవేత్త బృందం కనిపెట్టిన పదార్థాల కుటుంబంలోది. మన పరుపుల్లో, సోఫాల్లో ఉన్నది కూడా ఇదే. దీని శత్రువులు వేడి, తేమ, గాలి. వాటి వల్ల సంవత్సరాల మీద ఫోమ్ తన బిగువు కోల్పోయి పొడిపొడి అవుతుంది. ప్రపంచంలోని మ్యూజియంలలో ఫోమ్‌తో చేసిన వస్తువులను కాపాడటం పెద్ద సమస్య అయి కూర్చున్నది ఇందుకే. ఇక ఎండాకాలమంతా కాగి, వానాకాలమంతా చెమ్మగిల్లే మన ఊరి కారు గురించి చెప్పేదేముంది?

అసలు కిటుకు ఇక్కడే ఉంది. గుడ్డ జారినప్పుడు జిగురు వదిలిందని అందరూ అనుకుంటారు. నిజానికి చాలాసార్లు జిగురు అట్టకు అంటుకునే ఉంటుంది, గుడ్డా బాగానే ఉంటుంది. మధ్యనున్న ఫోమ్ చచ్చిపోతుంది. వేలితో గీకితే పసుపు పొడి రాలుతుంది. అటువంటప్పుడు గుడ్డ మీద మళ్లీ జిగురు పూయడం గోడ మీది దుమ్ముకు కాగితం అంటించడమే. పైగా జిగురు గుడ్డలోనుంచి పీల్చుకుని మరకలు కడుతుంది. గుండుసూదులు, స్టేప్లర్ పిన్నులు, రెండువైపులా అంటుకునే టేపు కొన్ని వారాలు ఆపుతాయి, అంతకు మించి కాదు.

ఒక ఉస్తాద్ చెప్పిన మాట

మా ఇంటిలో 2000 తరువాత కొన్న చిన్న కారుకు ఇదే జరిగింది. పంజగుట్టలో ఒక పెద్ద దుకాణంవారు అట్టతో సహా మొత్తం మార్చాలని, అది ఇప్పుడు దొరకదని, కారు మార్చుకోవడం మేలని సలహా ఇచ్చారు. తరువాత అమీర్‌పేట వెనుక సందులో మిషను ముందు కూర్చున్న ఒక ఉస్తాద్‌కు చూపించాను. ఆయన గుడ్డ అంచు లేపి, వేలు రుద్ది, పొడి చూపించి ఇలా అన్నాడు: "సాబ్, అట్టకేం కాలేదు. ఇది కుట్టుపని కాదు, కడుగుడు పని. పొడి మొత్తం పోతే గుడ్డ మళ్లీ పదేళ్లు నిలుస్తది. పొడి మీద ఎవరు అంటించినా పైసలు దండగ." కొత్త అట్ట దొరికితే దానికి పెట్టవలసిన దానిలో నాలుగో వంతు కూడా ఆయన తీసుకోలేదు.

మా వీధిలో మన సంఘ సభ్యురాలైన ఒక సోదరి ఉన్నారు. భర్త పోయాక ఆయన ప్రీమియర్ పద్మినిని అమ్మలేక, ఎక్కలేక అలాగే ఉంచారు. రెక్సిన్ చిరిగి వెనుక సీటు మీద పడింది. పాత ఇనుపసామాను వాడు ధర కూడా కట్టి వెళ్లాడు. ఆ ఉస్తాద్‌నే ఆమె ఇంటికి తీసుకువెళ్లాను. ఆయన గుడ్డ విప్పగానే రేకు మీద, ఒక్కొక్క కడ్డీ నిలిచేచోట, సుద్దతో రాసిన ఉర్దూ అంకెలు కనిపించాయి. ఒకటి నుంచి అయిదు దాకా. "ఎవరో ఉస్తాద్ ముందే చేసిండమ్మా. కడ్డీలు తారుమారు కాకుండా నంబర్లు వేసుకున్నడు" అన్నాడు. ఒక్కొక్క కడ్డీ వంపు ఒక్కొక్క రకం కదా. ఆ నంబర్ల ప్రకారమే బిగించి, చెరగకుండా మళ్లీ వాటి మీద సుద్ద దిద్ది, కొత్త రెక్సిన్ వేశాడు. ఆ కారు మేలుకట్టు ఒకసారి విప్పి కట్టిందేనని, ఇంకొకసారి కూడా కట్టుకోవచ్చని ఆమెకు అర్థమైంది. ఇనుపసామాను వాడిని వద్దన్నారు. ఇప్పుడు వారానికొకసారి వారి అబ్బాయి ఆమెను అదే కారులో గుడికి తీసుకువెళుతున్నాడు.

చేయించేవారికి కొన్ని సూచనలు

నేను పక్కన నిలబడి చూసినంత వరకు, అచ్చు అట్ట రకానికి పని జరగవలసిన క్రమం ఇది.

1. ఎండ పలకలు, చేతిపిడులు, లోపలి లైటు, పక్క ప్లాస్టిక్ ముక్కలు జాగ్రత్తగా ఊడదీసి, అట్టను వంచకుండా బయటికి తీయాలి. మడత పడితే ఆ గీత శాశ్వతం.

2. పాత గుడ్డ లాగేసి, మెత్తని బ్రష్షుతో ఫోమ్ పొడి అంతా దులపాలి. చెయ్యి రుద్దితే పొడి అంటకూడదు. సగం పని ఇక్కడే ఉంది. పనివాడు దీనికి తొందరపడితే ఒప్పుకోకండి. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. ఆయాసం ఉన్నవారు దగ్గర నిలబడవద్దు.

3. కొత్త గుడ్డ ఫోమ్ అతికించి వచ్చినదే కొనాలి. ఉత్త గుడ్డ వేస్తే అట్ట మీది ఎగుడుదిగుళ్లన్నీ కనిపిస్తాయి. చిన్న కారుకు సుమారు రెండు మీటర్లు సరిపోతుంది.

4. వడ్రంగులు వాడే తెల్ల జిగురు ఇక్కడ పనికిరాదు. వేడికి ఆగే రబ్బరు జిగురు కావాలి. దానిని అట్టకూ గుడ్డకూ రెండింటికీ పూసి, వేలికి తడి అంటని దాకా ఆరనిచ్చి, మధ్యనుంచి అంచులకు అరచేతితో నిమురుతూ పరచాలి. ఆ జిగురు ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. ఆరుబయట చేయాలి, దగ్గర బీడీ, సిగరెట్టు ఉండరాదు.

5. ఒక రాత్రి ఆరనిచ్చి మర్నాడు బిగించాలి. దీపావళి దాటినప్పటినుంచి మార్చి దాకా మంచి కాలం. వానాకాలం చెమ్మలో వద్దు.

6. కొత్త కార్లలో కొన్నింటికి పైకప్పు అంచుల వెంట ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. అటువంటి కారు పైకప్పును మామూలు కుషన్ దుకాణంలో విప్పించకండి, పిన్నులు కొట్టించకండి. కంపెనీ సర్వీసు సెంటరులోనే చేయించండి.

గుడ్డ జారి వెనుక చూపే అద్దానికి అడ్డం వస్తుంటే మాత్రం వాయిదా వేయవద్దు. మన వయసులో మెడ తిప్పి చూడటం తగ్గుతుంది. ఆ అద్దమే మనకు ఆధారం.

ముగింపు

2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ పొడిగించడం లేదు. మనం లాగ్ బుక్కులు రాసిన తెల్ల అంబాసిడర్లు కార్యాలయాల ఆవరణలలో కనిపించకుండా పోయాయి. సొంత కార్లకు మాత్రం 15 ఏళ్ల తరువాత ఫిట్‌నెస్ చూసి, అయిదేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ పొడిగించే వీలుంది. అంటే బండి ఆగిపోవలసింది దాని బలం తగ్గినప్పుడు, పొగ ఎక్కువైనప్పుడు, బ్రేకు పట్టనప్పుడు. గుడ్డ జారినప్పుడు కాదు.

కుట్టిన మేలుకట్టు విప్పి మళ్లీ కట్టేవారి కోసం తయారైంది. అంటించిన మేలుకట్టు చేసేటప్పుడు ఆ సంగతి ఎవరూ ఆలోచించలేదు. అయినా మన నగరంలోని చేతులు దానికీ ఒక దారి కనిపెట్టాయి. ఆ చేతులు ఇప్పుడు సందుల్లోకి జరిగాయి, వయసు కూడా మీరుతున్నాయి. వారి పిల్లలు మిషను మీద కూర్చోవాలంటే వారికి పని దొరకాలి. కనుక ఈ చలికాలంలో మీ కారు పైకప్పు గుడ్డను ఒకసారి వేలితో రుద్ది చూడండి. పొడి రాలితే మీ పేటలో కుషన్ పని చేసే మేస్త్రీ ఎక్కడున్నాడో అడిగి వెళ్లండి. ఆయన చెప్పిన మాట విన్న తరువాతే అమ్మకం సంగతి ఆలోచించండి.